మనిషి వంతు చివర

మా తాతయ్య ఒకేసారి రెండు మార్చడు. ఆయన గురించి చెప్పాల్సింది ఇంతే. కానీ మీరెప్పుడూ ఆయనతో ఒకే కప్పు కింద ఉండలేదు కాబట్టి, ఇది విని "ఓస్, ఇంతేనా" అనుకుంటారు. మేం ఉన్నాం. మాకు తెలుసు.

కూరలో ఉప్పు ఎక్కువైందనుకోండి. వేరే ఇళ్లలో మొగుడు మొహం చిట్లిస్తాడు, పెళ్లాం మర్నాడు తగ్గిస్తుంది, గొడవ వదిలిపోతుంది. మా ఇంట్లో మర్నాడు అదే కూర, అదే గిన్నె, అదే మంట, చెంచా మాత్రం వేరు. "చెంచా లోతెక్కువేమో చూద్దాం" అనేవాడు తాతయ్య. ఆ మర్నాడు చెంచా పాతదే, ఉప్పు డబ్బా వేరు. అమ్మమ్మ చెయ్యి జారిందన్న మాట మాత్రం ఆయన నోట వచ్చేది కాదు. చివరికి అమ్మమ్మే, "నా చెయ్యే జారిందండీ, ఒప్పుకుంటున్నాను, ఈ కూర ఇంక నా వల్ల కాదు" అని దండం పెట్టేసేది.

ఒకసారి తలనొప్పి వస్తే, వేడిగా టీ తాగి పడుకోమన్నాడు డాక్టరు. తాతయ్య టీ తాగి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"పడుకోండి మరి" అంది అమ్మమ్మ.

"రెండూ చేస్తే దేనికి తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

దేనికి తగ్గాలో తేలక ఆ తలనొప్పి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది.

అన్నిటికన్నా పెద్దది మా అమ్మ పెళ్లి. పెళ్లయ్యాక అమ్మ అత్తారింటికి వెళ్లాలి. తాతయ్య అడ్డం పడ్డాడు. "మొగుడూ కొత్త, ఇల్లూ కొత్త. రేపు పిల్ల దిగులుగా ఉంటే దేనికి దిగులో ఎవరు చెప్తారు? ముందు మొగుణ్ని మార్చి చూద్దాం. ఇల్లు నెలాగి మారుద్దాం." అల్లుణ్నే నెల రోజులకని ఇంటికి తెచ్చుకున్నారు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. నేను ఈ ఇంట్లోనే పుట్టాను, ఈ ఇంట్లోనే ఉన్నాను.

ఇలాంటి మనిషి చేతిలో ఒక పాత కారు పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఆ కారు తాతయ్య కొన్నప్పుడే పాతది. దాని అసలు రంగేమిటని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రంగు చెప్తారు. కుడివైపు వెనక తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది, అదీ దానికి మనసైతే. అయినా నీళ్ల పంపుల దగ్గర పనిచేసి రిటైరైన తాతయ్య దాన్ని పంపుని చూసుకున్నట్టే చూసుకునేవాడు. నూనె పోసి, తుడిచి, చెవి ఆనించి విని. తాళం చెవికి ఒక నల్లదారం కట్టి చొక్కా జేబులో వేసుకునేవాడు.

ఉన్నట్టుండి ఆ కారుకి ఒక జబ్బు పట్టుకుంది. సాఫీగా పోతూ పోతూ ఒక్కసారి ఊపిరి బిగపట్టేది. వెంటనే కుదుపు. మరుక్షణం ఏమీ ఎరగనట్టు మామూలే. నలుగురిలో గట్టిగా తుమ్మి, ఎవరా అని వెనక్కి తిరిగి చూసే పెద్దమనిషి ఉంటాడే, అలా. ఇంజిన్ మిస్సింగ్ అంటారట దాన్ని. మా వీధిలో మాత్రం 'సారుగారి కారు తుమ్ము' అనేవాళ్లు.

చిత్రం ఏమిటంటే ఆ తుమ్ము మా పిన్ని నడిపినప్పుడే వచ్చేది.

పిన్ని నర్సు. మంచం దిగలేని రోగుల్ని వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసే ఉద్యోగం ఒకటి ఆవిడ కోసం ఆసుపత్రిలో సిద్ధంగా ఉంది. కారు నడిపే లైసెన్సు చూపిస్తే ఇస్తామన్నారు. పిన్ని పరీక్షకు వెళ్లింది. అధికారి పక్కన కూర్చున్నాడు. గతుకు దగ్గర కారు తుమ్మింది, మలుపులో ఇంకోసారి తుమ్మింది. "కాలు వణుకుతోందమ్మా. కుదురొచ్చాక రండి" అని ఆయన దిగిపోయాడు. రెండోసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు కబురు చేశారు.

పిన్నికి చిన్నప్పటినుంచీ చేతిలో వస్తువు నిలవదని పేరు. అందుకే కాబోలు, కాలు కూడా అదే దారి పట్టిందంటే వెంటనే నమ్మేసింది. అలాగని ఇంట్లో బరువంతా మోసేది ఆవిడే. వీధి తలుపు, డాబా తలుపు, బీరువా, పాత సామాన్ల గది, కారు, ఆసుపత్రిలో తన అలమర, అన్నిటి తాళాలూ ఒకే గుత్తికి వేసుకుని తిరిగేది. పిన్ని వస్తోందంటే ముందు గుత్తి చప్పుడు వచ్చేది, వెనక పిన్ని వచ్చేది.

మెకానిక్కుని పిలిపించారు. ఆయన్ని అందరూ స్పానర్ అంటారు, ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుందని వినికిడి. ఆయన బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి, దించేశాడు.

"పెద్దాయనా, ప్లగ్గులు, వైర్లు, కాయిలు, వైర్లు కలిసే ఆ మూత, నాలుగూ ఒక్క దెబ్బకి మార్చేస్తా. సాయంత్రానికి గుర్రంలా పరిగెడుతుంది."

"పరిగెడితే సరే. ఇన్నాళ్లూ కుంటింది ఎవరు?"

"ఎవడైతే ఏంటి సార్, పోయాడుగా."

"నలుగుర్నీ ఒకేసారి గెంటేస్తే దొంగ ఒకడు పోతాడు, మంచివాళ్లు ముగ్గురు పోతారు."

స్పానర్ నావైపు చూశాడు. నేను బానెట్ వైపు చూశాను. ఆయనకి మా ఇంటితో అది మొదటి పరిచయం, పాపం.

అలా మొదలైంది విచారణ. రోజుకి ఒకటి. పిన్ని నడపాలి, తాతయ్య పక్కన, నేను వెనక ఎడమవైపు. దారి కూడా ఒకటే: గేటు, నీళ్ల ట్యాంకు, బడి గోడ పక్కన గతుకులు, మళ్లీ గేటు. మొదట ప్లగ్గులు మార్చారు. బడి గోడ దగ్గర తుమ్ము. తాతయ్య ఇంటికొచ్చి కొత్త ప్లగ్గులు తీసేసి, పాతవాటిని గుడ్డతో తుడిచి, "ఏమీ అనుకోకండి నాయనా" అని వాటి చోట వాటిని పెట్టాడు. మర్నాడు వైర్లు. తుమ్ము. వైర్లకీ క్షమాపణ. తర్వాత కాయిలు, తర్వాత మూత, తర్వాత పెట్రోలు వచ్చే గొట్టం. అందరూ నిర్దోషులే. అందరూ గౌరవంగా విడుదలయ్యారు. మా ఇంట్లో మనుషులకి కూడా అంత మర్యాద జరగదు.

నా సంగతి వినండి. ఒకరోజు దారిలో అరటిపండు తిని తొక్క కిటికీలోంచి పారేయబోయాను.

"ఆగు పిడుగా" అన్నాడు తాతయ్య వెనక్కి తిరక్కుండానే. "బరువు మారుతుంది."

"పండు నాలోనే ఉందిగా తాతయ్యా."

"తొక్క?"

తొక్క ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మర్నాడు కూడా అరటిపండు తినే ఎక్కమన్నాడు. నిన్న తిన్నావు కాబట్టి ఇవాళ మానేస్తే అది మార్పట. ఆ విచారణ అయ్యేసరికి నాకు అరటిపండంటేనే వెగటు పుట్టింది.

ఎదురింటి టైలరు రోజూ మిషను ఆపి కేకేసేవాడు. "ఇవాళ ఏది మార్చారు సార్?"

"కాయిలు."

"తుమ్మిందా?"

"తుమ్మింది."

ఒకరోజు ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "కారే మార్చేయండి సార్, అది ఒకటే కదా" అన్నాడు.

తాతయ్య గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆ సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. "వాడన్నదాంట్లో తప్పెక్కడుందో దొరకట్లేదే" అన్నాడు అమ్మమ్మతో. అమ్మమ్మ టైలరుకి అప్పటినుంచీ మంచి మార్కులు వేసింది.

ఈ లోపల స్పానర్ తన విచారణ తను చేసుకున్నాడు. తాతయ్య దగ్గర తాళం అడిగి తీసుకుని కారు నడిపి చూశాడు. తుమ్మలేదు. తాతయ్యని నడపమన్నాడు. తుమ్మలేదు. పిన్ని ఎక్కింది. గతుకులు రాగానే తుమ్మింది.

"మీరు నడిపితే బాగుంది. నేను నడిపితే బాగుంది. అమ్మాయిగారు నడిపితే తుమ్ము. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి పెద్దాయనా? క్లచ్చి మీద కాలు నిలవట్లేదు, అంతే."

పిన్ని దిగి గుత్తి సంచిలో వేసుకుంది. 

"సాక్ష్యం సరే" అన్నాడు తాతయ్య. "ఇంకా మార్చాల్సిన సామాను ఉంది. మనిషి వంతు చివర."

"సామాను అయిపోయింది సార్."

"సీటు ఉంది."

సీటు ముందుకి జరిపారు, తుమ్మింది. యథాస్థానానికి జరిపి అద్దం తిప్పారు, తుమ్మింది. అద్దానికీ ఇంజిన్‌కీ ఏం సంబంధమని నేనడిగితే, "సంబంధం లేదని తేలింది" అన్నాడు.  మా నాన్న అయితే అసలు ఏది మార్చారో ఏది మార్చలేదో లెక్క తప్పి, ఉదయం కారు వంక చూడ్డం మానేశాడు. స్పానర్ కూడా మా వీధిలోకి రాకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోయేవాడు.

పరీక్ష దగ్గరపడింది. పిన్ని వీధి అరుగు మీద కూర్చుని, "నాన్నా, ఇంక చాలు" అంది. "ఆ అధికారీ అదే అన్నాడు, స్పానరూ అదే అన్నాడు. నా కాలే. చిన్నప్పుడు ఇంట్లో గాజు గ్లాసులన్నీ పగలగొట్టింది నేనేగా."

"ఆ గ్లాసులు నున్నటివి" అన్నాడు తాతయ్య. "ఎవరి చేతిలోనైనా జారతాయి."

"ఇప్పటికీ అదే మాటా? రేపు ఆసుపత్రికి వెళ్లి ఉద్యోగం నా వల్ల కాదని చెప్పేస్తాను. ఎవరికో ఒకరికి పనికొస్తుంది."

తాతయ్య ఆవిడ పాదాల వైపు చూశాడు. పాదాల వైపు కాదు, వాటికున్న బూట్ల వైపు. "రేపు వీల్లేదు. రేపు ఇవి మారుస్తున్నాం" అన్నాడు.

మర్నాడు ఉదయం ఇంట్లో ఎవరి చెప్పులు పిన్నికి సరిపోతాయా అని వెతికితే అమ్మమ్మవి సరిపోయాయి. అమ్మమ్మ ఆ వేళ బీరువా ఖాళీ చేసి దుప్పట్లన్నీ డాబా మీద ఎండేస్తోంది. "చెప్పులే కదా, తీసుకుపొండి. మీ నాన్నని కూడా తీసుకుపొండి" అంది పైనుంచి. కారు కదిలింది. నీళ్ల ట్యాంకు దాటింది. బడి గోడ దగ్గర గతుకులు వచ్చాయి. మేం ముగ్గురం ఊపిరి బిగపట్టాం. కారు బిగపట్టలేదు.

"ఇంకోసారి" అన్నాడు తాతయ్య. ఇంకో చుట్టు కొట్టాం. తుమ్ము లేదు. టైలరు మిషను వదిలి రోడ్డు మీదికొచ్చాడు.

"ఏది మార్చారు సార్?"

"చెప్పులు."

టైలరు తన చెప్పుల వైపు చూసుకుని, లోపలికి పోయాడు.

ఆ రోజు పిన్ని మొహం చూడాలి. అమ్మమ్మ మొహం కూడా చూడాలి, చెప్పులు తిరిగి ఇవ్వనన్నారని. "నా కాలి చెప్పులు మీ కారుకి విడిభాగమయ్యాయా? నేనేం వేసుకోను?" అంటే, "పిన్ని బూట్లు వేసుకో" అన్నాను నేను. అమ్మమ్మ ఆ బూట్లతో నాలుగడుగులు వేసి, నన్ను కొట్టడానికి మిగతా అడుగులు వేసింది.

మర్నాడు ఊరికే ఆనందానికి ఇంకో చుట్టు తిరుగుదామని బయల్దేరాం. అవే చెప్పులు, అదే దారి, నేను అదే మూల. బడి గోడ దగ్గర కారు తుమ్మింది. పక్కకి ఆపే లోపల మళ్లీ తుమ్మింది.

పిన్ని స్టీరింగ్ మీద తల పెట్టుకుంది. "సామాను అయిపోయింది కదా నాన్నా" అంది. "ఇంక నా వంతే."

  తాతయ్య ఇంటికొచ్చి అమ్మమ్మ చెప్పుల్ని బల్ల మీద పెట్టుకుని వాటి అడుగు చూశాడు, పక్కలు చూశాడు, వంచి చూశాడు. చెప్పుల వల్ల తగ్గింది. చెప్పులు ఉండగానే తిరగబెట్టింది. అంటే చెప్పులు దొంగా కాదు, వైద్యుడూ కాదు. మరి నిన్న ఏమైనట్టు? మధ్యాహ్నం భోజనం దగ్గర కంచంలో చెయ్యి అలాగే ఉంచి, తల ఎత్తాడు.

"నిన్న ఎవరో రెండోది మార్చారు."

 ఆ గొంతు ఇంట్లో ఏదో హత్య జరిగినప్పటి గొంతులా ఉంది.

"పిడుగూ, నిన్న అరటిపండు తిన్నావా?"

"తిన్నాను తాతయ్యా. ఏడుస్తూ తిన్నాను."

"అల్లుడుగారూ, నిన్న మీరేమైనా మార్చారా?"

"నేనీ ఇంటికొచ్చాక ఏం మార్చగలిగానండీ మామయ్యగారూ" అన్నాడు మా నాన్న.

"ఏమేవ్, నువ్వు?"

"నేనేం మార్చలేదు" అంది అమ్మమ్మ. "దుప్పట్లు ఎండేశాను. అదీ నేరమేనా?"

"దుప్పట్లు ఎక్కడివి?"

"బీరువాలోవి."

"బీరువా తాళం?"

"చిన్నదాని దగ్గర తీసుకున్నాను. పొద్దుపోయేదాకా నా బొడ్లోనే ఉంది గుత్తి."

తాతయ్య నెమ్మదిగా పిన్ని వైపు తిరిగాడు. "మరి నిన్న కారు దేంతో స్టార్టు చేశావే?"

"మీ తాళంతో. మీ జేబులోంచే తీసుకున్నాను, అడిగితే ఊఁ అన్నారుగా" అంది పిన్ని. అని ఆగిపోయింది. గుత్తి ఆవిడ పక్కనే పీట మీద ఉంది. అందరం దాన్ని చూశాం. అది ఏమీ ఎరగనట్టు ఉంది.

చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి తాతయ్య వాకిట్లోకి పరిగెత్తాడు. పిన్ని గుత్తితో కారు స్టార్టు చేసింది. ఇంజిన్ సాఫీగా ఉంది. తాళం కింద ఊరి తాళాలన్నీ గంటల్లా వేలాడుతున్నాయి. తాతయ్య ఎడమచేతి చిటికెన వేలుతో గుత్తిని ఒక్కసారి ఊపాడు.

తుమ్ము.

మళ్లీ ఊపాడు. మళ్లీ తుమ్ము. అమ్మమ్మ వచ్చి ఊపింది. నేను ఊపాను. టైలరు రోడ్డు దాటి వచ్చి, "ఒక్కసారి సార్" అని అడిగి మరీ ఊపాడు. కారుకి ఆ పూట జలుబు చేసినంత పనైంది.

స్పానర్ వచ్చి తాళం పెట్టే చోట చెయ్యి పెట్టి చూసి తల గోక్కున్నాడు. ఇన్నేళ్ల వాడకానికి లోపలి స్విచ్చి అరిగిపోయిందట. గతుకు వస్తే గుత్తి ఊగుతుంది, ఊగితే లోపల కరెంటు ఒక్క క్షణం తెగుతుంది, ఇంజిన్ ఊపిరి ఆగుతుంది. "నాకు మీరు మీ తాళం ఇచ్చారు పెద్దాయనా" అన్నాడు. "అందుకే నాకు దొరకలేదు."

"తప్పు నాదే" అన్నాడు తాతయ్య. "మనిషి మారినప్పుడల్లా తాళం కూడా మారింది. ఇన్నాళ్లూ రెండు మారుస్తూ ఒకటే అనుకున్నాను."

ఆయన ముఖం అంత చిన్నబోవడం చూసి పిన్ని నవ్వింది. కిందటి పరీక్ష తర్వాత మా ఇంట్లో ఆవిడ నవ్వు వినబడటం అదే మొదలు. నవ్వి నవ్వి, కారు తలుపుకి ఆనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, తన కాలి వంక ఒకసారి చూసుకుంది. చాలాకాలానికి ఎదురైన స్నేహితురాల్ని చూసినట్టు.

"స్విచ్చి మారుస్తా సార్, గుత్తి కూడా విడదీసేయండి" అన్నాడు స్పానర్.

"రెండూనా?" అన్నాడు తాతయ్య. స్పానర్ తన సంచి సర్దుకున్నాడు.

పరీక్ష రోజు నల్లదారం కట్టిన ఒంటి తాళం పిన్ని చేతిలో ఉంది. కాళ్లకి అమ్మమ్మ చెప్పులు. అవి ఇప్పుడెందుకే అంటే, ఇవాళ ఏదీ మార్చడానికి వీల్లేదని తాతయ్య ఆర్డరు. అదే అధికారి. గతుకులు దాటారు, మలుపు తిరిగారు, కారు నోరెత్తలేదు.

"కుదురొచ్చిందమ్మా" అన్నాడాయన సంతకం పెడుతూ. "కాలికేం చేశారు?"

"తాళం మార్చామండీ" అంది పిన్ని.

ఆయన పిన్ని కాళ్ల వంక ఇంకోసారి చూసి, కాగితం చేతిలో పెట్టేశాడట.

ఆ సాయంత్రం తాతయ్య బానెట్ ఎత్తి ప్లగ్గులు తుడుస్తుంటే నేను పక్కన చేరాను. "మొదటి రోజే పిన్ని కాలి సంగతి చూసేసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా తాతయ్యా. నాకు ఇన్ని అరటిపండ్లూ తప్పేవి."

ఆయన ప్లగ్గుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. "దీన్ని దొంగ అన్నాననుకో. రేపు కాదని తేలితే తుడిచి దాని చోట పెట్టేస్తాను. ఇదేమీ అనుకోదు. మనిషిని అంటే, తర్వాత తుడవడానికి ఏ గుడ్డా పనికిరాదే." ప్లగ్గుని దాని చోట బిగించి, "ఇంతకీ వెనక సీటు కింద ఆ తొక్కలన్నీ ఎవరు తీస్తారు?" అన్నాడు.

తొక్కలు తీస్తూ నేను నా సంగతి ఆలోచించుకున్నాను. నేను ఒకే తరగతి రెండుసార్లు చదివినదాన్ని. ఈ పిల్ల బుర్రకి లెక్కలెక్కవని పంతులమ్మ ఇంటికొచ్చి చెప్పినప్పుడు, తాతయ్య నా కలం మార్చాడు. తర్వాత దీపం మార్చాడు. కుర్చీ ఎత్తు మార్చాడు, కిటికీ వైపు తిప్పాడు, ఇటు తిప్పాడు, బడిలో బల్ల మార్పించాడు. చివరికి పెద్ద పంతులుగారు విసిగిపోయి, "మార్చాల్సింది అమ్మాయిని కదండీ" అంటే, "ఆ వంతు ఇంకా రాలేదండీ" అని నమస్కారం పెట్టి వచ్చేశాడు. అదంతా ఆయన పిచ్చి అనుకుని వీధిలో పిల్లలతో కలిసి నేనూ నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను, కాకపోతే ఆయన పక్కన కూర్చుని నవ్వుతాను.

లెక్కలు నాకు ఇప్పటికీ రావు. చదువు సగంలో ఆగిపోయింది. కానీ తప్పు నా బుర్రదని మా ఇంట్లో ఇంతవరకూ రుజువు కాలేదు. మొన్న కూడా తాతయ్య నాకోసం ఇంకో కలం తెచ్చాడు. ఇదంతా దాంతోనే రాశాను.

కాబట్టి, ఇది చదివి మీకు బాగాలేదనిపిస్తే తొందరపడకండి. ముందు దీపం మార్చి చదవండి. అప్పటికీ బాగాలేకపోతే దీపం పాతది పెట్టుకుని కళ్లజోడు మార్చండి. ఆ తర్వాత కుర్చీ ఉంది, కిటికీ ఉంది.

నా వంతు చివర.